సీట్లో మిగిలిపోయిన మెత్త

చచ్చిపోయిన మనిషి చెయ్యి ఊపుతూ అంబులెన్స్ ఎక్కుతున్న వీడియోని ప్రేమజ్యోతి పొద్దుట్నించి చాలాసార్లు చూసింది. చూసిన ప్రతిసారీ ఆయన బాగానే ఉన్నాడు. అదే ఆవిడకి నచ్చలేదు.

వీడియో శనివారం నాటిది. విస్కాన్సిన్‌లో పైన్ హాలో ట్రాక్ మీద ఆరుగంటల కార్ల రేసు. ఆరుగంటలసేపు తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే రావడానికి ఒక్కో కారుకి ముగ్గురు డ్రైవర్లు, వంతులవారీగా నడుపుతారు. మధ్యాహ్నం నలభై నాలుగో నంబరు కారులోంచి నైనిక దిగింది, చక్రధర్ ఎక్కాడు. రెండున్నరకి కారు వెళ్ళి గోడని గుద్దుకుంది. చక్రధర్ తనంతట తనే బయటికొచ్చి, హెల్మెట్ కూడా తీయకుండా జనానికి చెయ్యి ఊపి, ట్రాక్ వాళ్ళ మెడికల్ సెంటర్‌కి వెళ్ళాడు. డాక్టరమ్మ చూసి పర్లేదు పొమ్మంది. సాయంత్రం ఐదింటికి టీం ఓనర్ వాల్ట్ క్రూగర్ వెళ్ళి చూస్తే, చక్రధర్ తన మోటార్‌హోమ్‌లో, అంటే బస్సులో అమర్చుకున్న ఇంట్లో, మంచం పక్కన చచ్చిపడి ఉన్నాడు.

బెల్టు వదులుగా ఉండుంటుంది, లోపల ఎక్కడో దెబ్బ తగిలుంటుంది అని అందరూ అనేశారు. బెల్టు పెట్టింది నైనిక. దిగిన డ్రైవరే ఎక్కే డ్రైవర్‌కి బెల్టులు బిగించాలి, ఈ రేసుల్లో అదొక ఆనవాయితీ. ఇంట్లో చంటిపిల్లని కార్ సీట్లో కూలేసి బెల్టు పెట్టే పనే, కాకపోతే ఇక్కడ చంటిపిల్లకి యాభై ఏళ్ళుంటాయి.

సోమవారం మూడింటికి రేసు పెద్దల ముందు నైనిక విచారణ. నేరం తనదే అని తేలితే ఇరవై నాలుగేళ్ళ పిల్లకి లైసెన్సు పోతుంది, ఆ తర్వాత కౌంటీ పోలీసులు పిలుస్తారు. మనిషిని చంపిన డ్రైవర్ అన్న పేరు మాత్రం లైసెన్సులా పోదు, ఉండిపోతుంది.

చక్రధర్ లైఫ్ ఇన్సూరెన్స్ తీసుకున్న కంపెనీ తరఫున, ఇది యాక్సిడెంటా కాదా తేల్చడానికి ప్రేమజ్యోతి పక్క రాష్ట్రంలో తనుండే అరోరా అనే ఊరి నుంచి మూడు గంటలు డ్రైవ్ చేసి వచ్చింది. రేసు కార్ల గురించి ఆవిడకి తెలిసిందల్లా ఆదివారం సాయంత్రం గోరుచిక్కుళ్ళు తుంచుతూ యూట్యూబ్‌లో చూసినంత. ఆవిడ గ్యారేజీలో అడుగు పెట్టేసరికి కారు పక్కన అప్పటికే ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఆ నిలబడటంలోనే కేసు తేలిపోయిందన్న ధీమా కనబడుతోంది.

"వందనాలు సిస్టర్" అన్నాడు షాలేం రాజు.

"వందనాలు బ్రదర్. నిన్న చర్చిలో బిర్యానీ లైన్లో నా వెనకే ఉన్నారు. ఇక్కడికి వస్తున్నట్టు ఒక్క మాట చెప్పలేదే?"

"మీరు చెప్పారా?"

చెప్పలేదు. ఇద్దరూ ఎండల గురించి మాట్లాడుకున్నారు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే కంపెనీలో ఎదురెదురు బల్లల దగ్గర పనిచేశారు. తర్వాత షాలేం రాజు సొంత డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్నాడు, చర్చి కొయిర్‌లో బేస్, అంటే లావు గొంతు, పాడటం మొదలుపెట్టాడు. రెండిట్లోనూ ఆయన గొంతే ముందు వినపడుతుంది.

"క్రూగర్ పిలిచాడా?"

"పాత క్లయింట్. ఆయన టీంకి మచ్చ రాకుండా చూడాలి కదా" అన్నాడు. "మీకు పెద్ద పని లేదు సిస్టర్. మూడింటికి ముగిసిపోతుంది. సీట్లో చూడండి, అంతా అక్కడే ఉంది."

కారు ముందుభాగం నలిగి కుడివైపుకి తిరిగిపోయి ఉంది. తలుపు తీసి లోపలికి చూసింది ప్రేమజ్యోతి. ఒకే సీటు, భుజాల మీంచీ నడుం మీంచీ వచ్చే బెల్టులు, చుట్టూ ఇనప పైపులు. సీట్లో నల్లటి గుడ్డ తొడిగిన నురుగు దిమ్మ ఒకటి కూర్చుని ఉంది. ఇన్సర్ట్ అంటారు, మన మాటల్లో మెత్త. రేసు కారులో సీటు ముందుకీ వెనక్కీ జరగదు. అందుకని పొట్టివాళ్ళకి వాళ్ళ వీపూ నడుమూ అచ్చు తీసి ఒక మెత్త చేస్తారు. ఎక్కేటప్పుడు సీట్లో పడేసుకోవాలి, దిగేటప్పుడు లాక్కుని దిగాలి.

"చక్రధర్ ఆరడుగుల రెండంగుళాలు" అన్నాడు షాలేం రాజు. "మెత్త అక్కర్లేదు, ఉత్త సీట్లోనే కూర్చుంటాడు. ఈ అమ్మాయి దిగేటప్పుడు తన మెత్త తీయడం మర్చిపోయింది. ఆయన దాని మీదే కూర్చున్నాడు. బెల్టు సరిగ్గా కూర్చోలేదు. గోడ తగిలింది, బెల్టు ఆగలేదు, గుండె మీద దెబ్బ. అమ్మాయి ఒప్పేసుకుంది కూడా."

"నాదే అని చెప్పిందా?"

"సారీ కూడా చెప్పింది."

గ్యారేజీ వెనకాల టైర్ల దొంతర మీద కూర్చున్న నైనిక తలెత్తలేదు. హుడీ చేతుల్లోకి చేతులు లాగేసుకుని ఉంది. ఐదడుగులు దాటి ఒక రవ్వ ఉంటుందేమో, టైర్ల మీంచి కాళ్ళు నేలకి అందట్లేదు.

ప్రేమజ్యోతి ఆ కాళ్ళ వంక ఒకసారి చూసి, షాలేం రాజు వైపు తిరిగింది.

"బ్రదర్, మీరెంత పొడుగు?"

"ఆరడుగులు. ఎందుకు?"

"ఎక్కండి."

"ఎక్కడికి?"

"కారులోకి. కౌంటీ వాళ్ళు పొద్దునే ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయారు, కూర్చుంటే తప్పు లేదు. మెత్త తీయకండి."

షాలేం రాజు ప్యాంటు బెల్టు సర్దుకుని, కోటు విప్పి, ముందు కాలు పెట్టాలా తల పెట్టాలా అని కాసేపు లెక్క వేసుకుని, మొత్తానికి దిగాడు. దిగాడు అనడం మర్యాద కోసం. ఇరుక్కున్నాడు. తల పైన పైపుకి ఆనుకుంది, మెడ పక్కకి వంగింది. మోకాళ్ళు స్టీరింగ్ కింద చిక్కుకుపోయాయి.

"పొట్ట సంగతి వదిలేయండి" అంది ప్రేమజ్యోతి. "అది మీ సొంత విషయం. బ్రేక్ తొక్కండి."

"కాలు లేవట్లేదు."

"స్టీరింగ్ తిప్పండి."

"మోకాలు అడ్డం సిస్టర్."

"మీకంటే ఆయన ఇంకో రెండంగుళాలు ఎక్కువ. పైగా హెల్మెట్ పెట్టుకున్నాడు. ఈ మెత్త మీద ఇలా కూర్చుని పదకొండు చుట్లు కొట్టాడు. అందులో నాలుగు ఆయన ఇదివరకెప్పుడూ కొట్టనంత స్పీడుగా కొట్టాడు. దానికేమంటారు?"

షాలేం రాజు వంకర మెడతోనే ఆలోచించాడు. "దేవుని కృప."

"దేవుడు మోకాళ్ళు కూడా పొట్టివి చేశాడంటారా?"

ఆయన పైపు పట్టుకుని లేవబోయాడు. బయటికి రావడమెలాగో అప్పటికి అంతకన్నా పెద్ద ప్రశ్న అయిపోయింది. ప్రేమజ్యోతి చెయ్యి ఇచ్చి లాగింది. బయటపడ్డాక ఆయన మొహంలో ధీమా సగం కారులోనే ఉండిపోయింది.

"నైనికా, ఇలా రామ్మా."

"సిస్టర్, ఆ అమ్మాయి స్టేట్‌మెంట్ అయిపోయింది. ఇప్పుడు మీరు కొత్తగా..."

"మాట్లాడించను బ్రదర్. కూర్చోబెడతాను, అంతే. మిమ్మల్ని కూర్చోబెట్టినట్టే."

నైనిక వచ్చింది, కానీ కారు దగ్గర ఆగిపోయింది. ఎన్నో వందలసార్లు ఎక్కిన సీటు వంక, ఎవరో తెలియని వాళ్ళింట్లో సోఫాని చూసినట్టు చూసింది.

"ఆంటీ, నేను సారీ చెప్పాను కదా. మళ్ళీ ఎందుకు?"

"ఒక్క నిమిషం కూర్చో. నీ మెత్తే కదా."

నైనిక కూర్చుంది. వీపు వెనక రెండు వేళ్ళ సందు. నడుముకి అటూ ఇటూ చెరో లంచ్ బాక్స్ పెట్టేంత ఖాళీ. పాదాలు పెడల్స్‌కి జానెడు దూరంలో ఆగిపోయాయి. ఒంటికి అచ్చు తీసిన మెత్త అయితే చేతికి తొడుక్కున్న గ్లౌజులా ఉండాలి. ఇది అన్నయ్య చొక్కా వేసుకున్నట్టుంది.

షాలేం రాజు కూడా వంగి, ఆ సందులో వేళ్ళు పెట్టి చూశాడు. 

"నీది కాని వస్తువుని నీదని ఎందుకు చెప్పావమ్మా?"

నైనిక స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుంది. ఆ పిల్ల మామూలుగా ఎలా ఉంటుందో ప్రేమజ్యోతికి తెలియదు. కానీ భయం అనేది ఇలా ఉంటుందని తెలుసు.

"వాల్ట్ చెప్పమన్నాడు" అంది చివరికి. "మిస్టేక్ అంటే సస్పెన్షన్ మాత్రమే వస్తది అన్నాడు. నిజం చెప్తే అందరికీ లైఫ్ బ్యాన్."

"ఏ నిజం?"

"ఆంటీ ప్లీజ్."

"సరే, ముందు నేను చెప్తాను. పొద్దున పోస్ట్‌మార్టం రిపోర్ట్ వచ్చింది. చక్రధర్ గారికి ఎడమవైపు పక్కటెముకలు రెండు విరిగాయి. లోపల రక్తం కారి చనిపోయారు."

నైనిక మెల్లగా తల తిప్పింది. రంగు మొహంలోంచి ఎలా దిగిపోతుందో పుస్తకాల్లో రాస్తారుగానీ ప్రేమజ్యోతి కళ్ళారా చూడటం అప్పుడే.

"రిబ్సా? కాదు. హార్ట్ ఎటాక్. వాల్ట్ హార్ట్ ఎటాక్ అన్నాడు."

"ఎప్పుడన్నాడు?"

"శనివారం ఈవెనింగ్. చక్రధర్ అంకుల్‌కి హార్ట్ ఎటాక్ వచ్చింది, ఎలాగూ పోయాడు, యాక్సిడెంట్ అంటే ఫ్యామిలీకి కూడా బెటర్, నువ్వు ఇన్సర్ట్ నీదని చెప్పు చాలు అన్నాడు. రిబ్స్ ఎలా ఆంటీ? అంకుల్ అసలు..."

మాట అక్కడ ఆగిపోయింది. ఆగిన చోటు ఇద్దరికీ వినపడింది.

"సిస్టర్, ఇది చాలు" అన్నాడు షాలేం రాజు. గొంతులో మాత్రం బేస్ లేదు. "లాయర్ లేకుండా ఆమె ఇంకొక్క మాట కూడా..."

"అంకుల్ కార్‌లో లేడు" అంది నైనిక.

ప్రేమజ్యోతి కారు తలుపు పట్టుకుని లోపలికి వంగింది.

"నేను బెల్ట్ పెట్టింది అంకుల్‌కి కాదు. దేవ్‌కి. ఈ ఇన్సర్ట్ దేవ్‌ది."

దేవ్ మూడో డ్రైవర్. శాన్ రామన్ అనే ఊరి కుర్రాడు, పొడుగూ కాదు పొట్టీ కాదు, జీతానికి నడిపేవాడు. ఆ టైములో అతను, కార్లు టైర్లు మార్చుకోవడానికి ఆగే పిట్‌లో, స్క్రీన్ల ముందు కూర్చుని ఉన్నాడని అందరూ చెప్పారు. అందరూ అంటే ఎవరు అని ఎవరూ అడగలేదు.

ఇక ఆగలేదు నైనిక. రెండు రోజులుగా నోట్లో పెట్టుకున్నదంతా ఒక్కసారి కక్కేసినట్టు చెప్పుకుపోయింది. ఈ రేసులో ముగ్గురిలో ఒకరు సరదాకి నడిపే అమెచ్యూర్ అయి ఉండాలి, ఆయన కనీసం ఇంతసేపు స్టీరింగ్ పట్టాలి, లేకపోతే రిజల్ట్ చెల్లదు. ఆ అమెచ్యూర్ చక్రధర్. ఆయన నెమ్మదిగా నడుపుతాడు, టీం వెనకపడుతుంది. అందుకని ఈ సీజన్‌లో ఆయన వంతు వచ్చినప్పుడల్లా ఆయన సూటూ ఆయన హెల్మెట్టూ వేసుకుని దేవ్ ఎక్కుతున్నాడు. హెల్మెట్ లోపల మళ్ళీ ముసుగు ఉంటుంది, కళ్ళు తప్ప ఏమీ కనపడవు.

"చక్రధర్ గారికి తెలుసా?"

"ఐడియా అంకుల్‌దే. అంకుల్‌కి ట్రోఫీ కావాలి, డ్రైవింగ్ వద్దు. మోటార్‌హోమ్‌లో కర్టెన్స్ వేసుకుని, మురుకులు తింటూ, తను డ్రైవ్ చేయడం టీవీలో చూసేవాడు."

"మరి మెడికల్ సెంటర్‌లో హెల్మెట్ తీశాడు కదా? డాక్టర్ మొహం చూసింది కదా?" షాలేం రాజు అడిగాడు. తన కేసులో మిగిలిన ఆఖరి ఇటుకని రెండు చేతులా పట్టుకున్నట్టుంది ఆ అడగటం.

"ఆమె ఒక బ్రౌన్ గై మొహం చూసింది, అంతే. సూట్ మీద చక్రధర్ అని రాసి ఉంది. లాస్ట్ ఇయర్ ఇదే డాక్టర్ నాతో 'నిన్న మీ చెల్లిని చూశాను' అంది. నాకు చెల్లి లేదు."

నవ్వాల్సిన మాటే. ఎవరికీ నవ్వు రాలేదు. రెండున్నరకి గోడని గుద్దుకుంది దేవ్, చెయ్యి ఊపింది దేవ్, డాక్టర్ పర్లేదు పొమ్మన్నది దేవ్‌ని. గుద్దుడు హడావిడిలో మెత్త తీసుకోవడం ఒక్కటే మర్చిపోయాడు. గోడకి కొట్టుకున్నవాడు కాఫీ కప్పు వెతుక్కోడు కదా.

"దేవ్ ఎక్కడ?"

"నిన్న మార్నింగ్ నుంచి ఫోన్ ఎత్తట్లేదు. అసలు అక్కడ ఎందుకు గుద్దాడో కూడా నాకు అర్థం కాలేదు ఆంటీ. స్ట్రెయిట్‌గా ఉన్న చోట. డ్రై ట్రాక్. పక్కన ఒక్క కార్ లేదు. దేవ్ అలా గుద్దడు."

ప్రేమజ్యోతి నలిగిన ముందుభాగం వైపు చూసింది.  ఎవరితోనో కాకుండా తనతోనే అంటున్నట్టు అంది.

"కారులో లేని మనిషికి పక్కటెముకలు ఎలా విరిగాయి?"

నైనిక సీట్లోంచి బయటికొచ్చి నిలబడింది. 

"మూడింటికి వెళ్ళి ఇదంతా చెప్పేస్తాను. బ్యాన్ చేస్తారు కదా?"

"చేస్తారు" అంది ప్రేమజ్యోతి. అబద్ధమాడటానికి ఆవిడకి మనసొప్పలేదు. "మోసం చేశావు కాబట్టి చేస్తారు."

"ఓకే. చీట్ చేశాను, ఆ బ్యాన్ నాది. కానీ అంకుల్‌ని నేను చంపలేదు. అది నాది కాదు."

"కాదు."

అంతసేపూ నిలబడి తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ నుదురు తుడుచుకుంటున్న షాలేం రాజు అప్పుడు ముందుకొచ్చాడు. ఓడిపోవడం ఆయనకి తెలుసు, ఒప్పుకోవడమే తెలియదు.

"మీరు ఎక్కడికి వెళ్తున్నారో నాకు అర్థమవుతోంది సిస్టర్. వాల్ట్ మోసం చేయించాడు, సరే. డబ్బున్నవాడు, గెలవాలనుకున్నాడు. కానీ చావు విషయంలో ఆయన నాతో ఏదీ దాచలేదు. శవాన్ని చూసిన వెంటనే నాకే ఫోన్ చేశాడు. ఆ గొంతు విన్నానుగా నేను, హడలిపోయినవాడి గొంతు అది."

"ఐదింటికి మాట్లాడారా?"

"ఆరింటికి మాట్లాడాను. అంతకుముందు వాయిస్ మెయిల్ పెట్టాడు. శనివారం కొయిర్ ప్రాక్టీస్ కదా, పాస్టరమ్మ తెలుసుగా మీకు. లోపలికి రాగానే అందరి ఫోన్లూ బుట్టలో వేయించి బల్ల కింద పెట్టేస్తుంది. మధ్యాహ్నం నుంచి ఆ బుట్టలోనే ఉంది. ఇంటికెళ్ళి స్నానం చేసి ఫోన్ తీస్తున్నానో లేదో ఆయనే మళ్ళీ చేశాడు, యాక్సిడెంటూ బెల్టూ అంతా చెప్పాడు. ఆ తర్వాత విన్నాను మెసేజ్. వినండి, మీకే తెలుస్తుంది."

ఫోన్ తీసి, స్పీకర్ ఆన్ చేసి, కారు కప్పు మీద పెట్టాడు.

కంగారుగా ఎగపీలుస్తున్న ఊపిరి ముందు వినపడింది. తర్వాత క్రూగర్ గొంతు, ఇంగ్లీషులో. "షాలేం, వాల్ట్. నా డ్రైవర్ చక్రధర్ చచ్చిపోయాడు. మోటార్‌హోమ్‌లో, నా కళ్ళముందే ఉన్నాడు. వెంటనే ఫోన్ చెయ్యి. ఎవరికీ చెప్పకు." వెనకాల టీవీలో రేసు కామెంటేటర్ అరుస్తున్నాడు. ఇంజిన్లు మోగుతున్నాయి.

"చూశారా" అన్నాడు షాలేం రాజు. "ఇది నటన కాదు."

"కాదు" అంది ప్రేమజ్యోతి. ఆవిడ ఫోన్ మీదకి వంగి ఉంది. "నిజంగానే భయపడ్డాడు. బ్రదర్, మీరు ఈ మెసేజ్ టైమ్ చూడలేదా?"

"సాయంత్రం కదా. ఐదో, ఐదుంబావో."

"చదవండి."

షాలేం రాజు కళ్ళజోడు నుదుటి మీంచి దించుకున్నాడు. చదివాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చదివాడు. ఆయన మొహం చూసి నైనిక కూడా వంగి చదివింది.

ఒంటిగంట నలభై.

"కారు గుద్దుకుంది రెండున్నరకి" అంది ప్రేమజ్యోతి. "ఆ టైముకి ఆయన పోయి యాభై నిమిషాలైనా అయింది. చావు ముందు జరిగింది బ్రదర్. దాన్ని కప్పిపుచ్చడానికి తర్వాత ఒక యాక్సిడెంట్ కావాల్సొచ్చింది, అందుకే ఖాళీ ట్రాక్ మీద ఆ గుద్దుడు."

షాలేం రాజు ఆ టైముని మూడోసారి చూడటానికి ఫోన్‌ని దగ్గరికి లాక్కున్నాడు.    

వేలు తగిలిందో ఏమో, మెసేజ్ మళ్ళీ మొదలైంది. మళ్ళీ ఆ ఊపిరి. "షాలేం, వాల్ట్. నా డ్రైవర్ చక్రధర్ చచ్చిపోయాడు..."

"ఆంటీ" అంది నైనిక, పెదాలు కదపకుండా.

ప్రేమజ్యోతి తిరిగి చూసింది. నైనికని విచారణకి తీసుకెళ్ళడానికి వచ్చిన వాల్ట్ క్రూగర్ గ్యారేజీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపట్నించి ఉన్నాడో తెలియదు. ఇంతసేపూ వాళ్ళు మాట్లాడింది తెలుగు, ఆయనకి ఒక్క ముక్క అర్థమయ్యే ప్రశ్నే లేదు. కానీ కారు కప్పు మీంచి వస్తున్న గొంతు ఎవరిదో ఆయనకి ఎవరూ అనువదించి చెప్పనక్కర్లేదు.

చివరి మాట దాకా ఓపిగ్గా విన్నాడు. తర్వాత ఏమీ అనకుండా చెయ్యి పైకెత్తి, షట్టర్ కొక్కెం అందుకుని, గ్యారేజీలోకి ఒక అడుగు వేసి, షట్టర్‌ని తన వెనకగా నేలదాకా దించేశాడు.